టోక్యోలో అన్నీ సులువుగా అందుతున్నా మనసు ఎందుకు కుదురుకోవడం లేదు? కొత్తగా వచ్చిన ఒకరికి నా జవాబు

మీరు రాసినది ముందు క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబులోకి వెళ్తాను. మీరు ఉద్యోగం మీద టోక్యో వచ్చి కొద్ది నెలలైంది. ఎదోగావా వార్డులోని నిషి కసాయ్‌లో ఒక్కరే ఉంటున్నారు. ఇంటి కిందే కొంబినీ, అంటే 24 గంటలూ తెరిచి ఉండే చిన్న కొట్టు, నడిచి వెళ్లేంత దగ్గర్లో స్టేషన్, ఫోన్‌లో నొక్కితే మర్నాటికల్లా గుమ్మంలో సామాను. ఏ లోటూ లేదంటున్నారు. అయినా సాయంత్రమయ్యేసరికి విపరీతంగా అలసిపోతున్నారు. ఎక్కడ ఏ తప్పు చేస్తున్నానోనని టెన్షన్. శని, ఆదివారాలు ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండా గడిచిపోతున్నాయి. ఇంకో రెండు నెలల్లో మీ భార్య వస్తున్నారు. ఇన్ని సౌకర్యాలున్న ఊరికి అలవాటు పడటం ఇంత కష్టంగా ఎందుకుంది, ఏం చేయాలి అని అడిగారు.

నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇల్లు వెతకడం దగ్గర్నుంచి వార్డు ఆఫీసు పనుల దాకా తోడు వెళ్తుంటాను. మీలాంటి మాటే చాలామంది నోట విన్నాను. మీలో లోపమేమీ లేదు, ముందు ఆ బెంగ వదిలేయండి.

నా అభిప్రాయం ఇది. టోక్యోలో సౌకర్యం డబ్బిచ్చి కొనుక్కుంటే అయిపోయేది కాదు. అది అందరూ తలా ఒక వంతు మోసే ఏర్పాటు. చెత్త వేసే మీకు ఒక వంతుంది, పార్శిల్ తెచ్చే మనిషికి ఒక వంతుంది, కౌంటర్ వెనక నిలబడ్డ విద్యార్థికి ఒక వంతుంది. మీ వంతు ఏమిటో మీకు ఎవరూ చెప్పలేదు. తప్పు చేసినా ఎవరూ ముఖం మీద అనరు. అందుకే టెన్షన్. ఈ సగం తేలిగ్గా పోతుంది, నేర్చుకుంటే చాలు. రెండో సగం ఒంటరితనం. ఇక్కడి ఏర్పాట్లన్నీ మనిషితో మనిషికి పని పడకుండా ఉండేట్టు కట్టినవి. దానికి మనమే పూనుకుని ఎదురు నడవాలి.

ముందు కొంబినీ గురించి. టోక్యోలో మొదటి సెవెన్ ఇలెవెన్ 1974లో కోతో వార్డులోని తోయొసులో తెరిచారు. ఇప్పుడు దేశమంతా కలిపి అన్ని కంపెనీల కొంబినీలు 55 వేలకు పైనే ఉన్నాయి. మనవాళ్లు మొదట్లో దాన్ని రాత్రిపూట తినడానికి ఏమైనా దొరికే కొట్టుగా మాత్రమే చూస్తారు. నిజానికి అది మీ బ్యాంకు, పోస్టాఫీసు, జెరాక్స్ సెంటర్, వార్డు ఆఫీసు కిటికీ, అన్నీ. కరెంటు, గ్యాస్, నీళ్ల బిల్లులు బార్‌కోడ్ ఉన్న చీటీ రూపంలో వస్తే కౌంటర్‌లో కట్టేయవచ్చు. చాలావరకు నగదే తీసుకుంటారు, అది గుర్తుంచుకోండి. వార్డు పన్ను చీటీ కూడా అక్కడే. మై నంబర్ కార్డు, అంటే ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు కార్డు, తీసుకుని ఉంటే, నివాస ధ్రువపత్రం, అంటే జూమిన్‌హ్యో, అక్కడి ప్రింటర్‌లోనే తీసుకోవచ్చు. ఆఫీసుకు సెలవు పెట్టి వార్డు ఆఫీసు క్యూలో నిలబడే పని తప్పుతుంది. ఆ కార్డుకు ఇంకా దరఖాస్తు చేయకపోతే ఈ వారమే చేయండి. 2024 డిసెంబర్ 2 నుంచి పాత తరహా ఆరోగ్య బీమా కార్డులు కొత్తగా ఇవ్వడం ఆపేశారు కాబట్టి ఆసుపత్రిలోనూ అదే పనికొస్తుంది.

కౌంటర్ దగ్గర మాటలు అర్థం కాక చెమటలు పడుతున్నాయని రాశారు. అక్కడ అడిగేవి దాదాపు ఎప్పుడూ అవే మూడు ప్రశ్నలు. వాక్యమంతా అర్థం కానక్కర్లేదు, ఒక్క మాట పట్టుకుంటే చాలు. ‘ఫుకురో’ అని వినిపిస్తే సంచి కావాలా అని. 2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవడం తప్పనిసరి అయింది కాబట్టి ప్రతిసారీ అడుగుతారు. ‘అతతామే’ అని వినిపిస్తే తినేది వేడి చేయాలా అని. ‘పాయింటో కాడో’ అంటే పాయింట్ల కార్డు ఉందా అని. కావాలంటే ‘ఒనెగైషిమాస్’, వద్దంటే ‘దైజోబు దెస్’. ఈ రెండు జవాబులతో నెలల తరబడి గడిచిపోతుంది. అక్కడే కూర్చుని తింటే పన్ను 10 శాతం, తీసుకెళ్తే 8 శాతం. 2019 అక్టోబర్ నుంచి ఈ తేడా ఉంది, అందుకే ఎక్కడ తింటారని కూడా ఒక్కోసారి అడుగుతారు.

ఆ కౌంటర్ వెనక ఉన్నవారిని కూడా ఒకసారి చూడండి. టోక్యో కొంబినీల్లో నేపాల్, వియత్నాం లాంటి దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు చాలామంది పనిచేస్తున్నారు. విద్యార్థి వీసా మీద చదువు నడిచే రోజుల్లో వారానికి 28 గంటలకు మించి పనిచేయకూడదు. పగలు జపనీస్ క్లాసు, రాత్రి షిఫ్టు, పొద్దున్నే మళ్లీ క్లాసు. 2019లో ఒసాకా వైపు ఒక కొంబినీ యజమాని, పనివాళ్లు దొరకడం లేదని రాత్రిపూట కొట్టు మూయడంతో దేశమంతా చర్చ జరిగింది. 24 గంటలూ వెలిగే లైటు వెనక ఎవరి నిద్ర ఖర్చవుతోందో అప్పుడు చాలామంది మొదటిసారి ఆలోచించారు. నేను ఇదంతా మీకు అపరాధ భావం కలగాలని చెప్పడం లేదు. వాళ్లను యంత్రంలో భాగంగా కాకుండా మనుషులుగా చూడటం మొదలుపెడితే మీ వారాంతపు మౌనం అక్కడే కొంత తగ్గుతుంది. మా వీధి కొంబినీలో రాత్రి షిఫ్టు చేసే నేపాలీ అబ్బాయితో నా పరిచయం ‘ఈరోజు పరీక్ష ఎలా రాశావు’ అన్న ఒక్క మాటతో మొదలైంది. మీరు హిందీ వచ్చునన్నారు కదా, నేపాలీ పిల్లల్లో చాలామందికి హిందీ అర్థమవుతుంది. రద్దీ లేనప్పుడు పలకరించండి.

ఇక పార్శిళ్లు. ఆర్డర్ చేసిన పెట్టె మూడుసార్లు తిరిగి వెళ్లిందని, గుమ్మంలో జపనీస్ చీటీలు మాత్రం పోగవుతున్నాయని రాశారు. ఆ చీటీని ‘ఫుజైహ్యో’ అంటారు. మీరు ఇంట్లో లేరు, మళ్లీ ఎప్పుడు తేవాలో చెప్పండి అని దాని అర్థం. దాని మీద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తేదీ, సమయం ఎంచుకుంటే చాలు, ఫోన్‌లో మాట్లాడక్కర్లేదు. ఉదయం, ఆ తర్వాత రెండేసి గంటల చొప్పున రాత్రి తొమ్మిది దాకా సమయాలు ఉంటాయి. ఎంచుకున్న రెండు గంటలూ మాత్రం ఇంట్లో ఉండండి. స్నానానికి కూడా వెళ్లకుండా కాచుకోవాలా అంటే, అవును, అదే మీ వంతు.

ఈ ఏర్పాటు ఎంత దూరం వచ్చిందో చెప్పే ఒక సంగతి ఉంది. యమాతో కంపెనీ 1976 జనవరిలో తక్క్యూబిన్ అనే ఇంటింటికీ పార్శిల్ సేవ మొదలుపెట్టిన రోజు చేరిన పార్శిళ్లు పదకొండే. ఈరోజు ఒక వీధికే అంతకు చాలా రెట్లు వస్తాయి. తెచ్చే మనుషులు మాత్రం అన్ని రెట్లు పెరగలేదు. 2017లో అదే కంపెనీ డ్రైవర్లకు భోజనం చేసే తీరిక కోసం మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల సమయాన్ని ఎంపికల్లోంచి తీసేసింది. 2024 ఏప్రిల్ నుంచి లారీ డ్రైవర్ల ఓవర్‌టైమ్ ఏడాదికి 960 గంటలు దాటకూడదని చట్టం వచ్చింది. మీరు ఇంట్లో లేనందువల్ల ఒక మనిషి అదే మెట్లు మళ్లీ ఎక్కాలి. మీ భవనంలో తకుహాయ్ బాక్స్, అంటే తాళం పడే పార్శిల్ పెట్టెలు ఉన్నాయేమో కింద ప్రవేశం దగ్గర చూడండి. లేకపోతే ఆర్డర్ పెట్టేటప్పుడే గుమ్మం ముందు వదిలేయమని, ‘ఒకిహాయ్’ అని ఎంచుకోండి. ఆఫీసు దారిలో ఉన్న కొంబినీకి తెప్పించుకోవడం ఇంకా హాయి. చిన్న చిన్న వస్తువులు విడివిడిగా కాకుండా వారానికి ఒకసారి కలిపి ఆర్డర్ చేయండి. మీకూ పెట్టెలు మడిచే పని తగ్గుతుంది.

పెట్టెలంటే గుర్తొచ్చింది, చెత్త. నిజం చెప్పాలంటే కొత్తవారికి ఇరుగుపొరుగుతో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. టోక్యోలో 23 ప్రత్యేక వార్డులు ఉన్నాయి, ఒక్కో వార్డు పద్ధతి ఒక్కోలా ఉంటుంది. మీ స్నేహితుడు కోతో వార్డులో చేసినట్టు మీరు ఎదోగావాలో చేస్తే కుదరకపోవచ్చు. చిరునామా నమోదు చేసినప్పుడు వార్డు ఆఫీసులో ఇచ్చిన కాగితాల్లో చెత్త క్యాలెండర్ ఉండే ఉంటుంది. ఆ కట్ట విప్పి దాన్ని ఫ్రిజ్ మీద అంటించండి. కాలే చెత్త, కాలని చెత్త, తిరిగి వాడే వస్తువులు, వీటికి వేరువేరు రోజులు. ఆ రోజు పొద్దున ఎనిమిదిలోపు పెట్టాలి. ముందు రాత్రి పెడితే కాకులు చీల్చేస్తాయి. సంచుల మీద నీలం, పసుపు వలలు కప్పి ఉంచేది అందుకే, మీరు సంచి పెట్టాక వల మళ్లీ సరిగ్గా కప్పండి. నీళ్ల సీసా అయితే మూత, చుట్టూ ఉన్న లేబుల్ తీసి, కడిగి, నొక్కి పెట్టాలి. అట్టపెట్టెలు విప్పి, కట్టగట్టి పెట్టాలి.

తప్పు సంచి పెడితే బండివాళ్లు దాని మీద స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేసి వెళ్తారు. ఎవరూ వచ్చి తలుపు కొట్టరు. కానీ ఆ సంచి రోజంతా అక్కడే ఉంటుంది, ఆ మూల శుభ్రం చేసే పెద్దావిడ దాన్ని చూస్తూ ఉంటుంది. చాలాచోట్ల ఆ చోటును ఊడ్చేది ఏ కార్పొరేషన్ మనిషో కాదు, ఆ వీధిలో ఉండేవాళ్లే వంతులవారీగా చేస్తారు. స్టిక్కర్ ఉన్న సంచి మీదేనని తెలిస్తే లోపలికి తెచ్చుకుని, మళ్లీ వేరుచేసి, సరైన రోజున పెట్టండి. ఆ ఒక్క పని చూసి ఇరుగుపొరుగు మీ గురించి మంచి అభిప్రాయానికి వస్తారు. నేను కళ్లారా చూశాను.

మీ భార్య వచ్చేలోపు పాత మంచం, కుర్చీ తీసేయాలన్నారు. 23 వార్డుల్లో ఏదైనా ఒక వైపు సుమారు 30 సెంటీమీటర్లు దాటితే అది ‘సొదాయ్ గోమి’, పెద్ద చెత్త. దాన్ని మామూలు రోజున పెట్టకూడదు. ముందుగా ఇంటర్నెట్‌లోనో ఫోన్‌లోనో వార్డుకు చెప్పి తేదీ తీసుకోవాలి. కొంబినీలో 200 యెన్లు, 300 యెన్ల స్టిక్కర్లు అమ్ముతారు, చెప్పిన మొత్తానికి సరిపడా కొని వస్తువు మీద అంటించి ఆ రోజు పొద్దున బయట పెట్టాలి. తేదీ వారాల తర్వాత దొరకవచ్చు కాబట్టి ఆలస్యం చేయకండి. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ మాత్రం ఇందులోకి రావు. 2001లో అమల్లోకి వచ్చిన రీసైక్లింగ్ చట్టం ప్రకారం వాటికి విడిగా రుసుము కట్టాలి. కొత్తది కొన్న కొట్టువాళ్లే పాతది తీసుకెళ్తారు, కొనేటప్పుడే అడగండి. వీధిలో తిరుగుతూ ఉచితంగా తీసుకెళ్తామని మైకులో చెప్పే బండ్లకు ఇవ్వొద్దు. సామాను ఎక్కించుకున్నాక డబ్బు అడిగారన్న గొడవలు చాలా విన్నాను.

రైళ్ల గురించి మీకు పెద్దగా చెప్పాల్సింది లేదు, రైలు చార్జీ కార్డు సూయికా ఎలా వాడాలో మీకు వచ్చేసింది. కానీ తెల్లవార్లూ రైళ్లు ఉంటాయని అనుకుంటున్నట్టున్నారు. ఉండవు. అర్ధరాత్రి దాటాక ఆగిపోతాయి, మళ్లీ తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో మొదలవుతాయి. రాత్రి పది నుంచి ఉదయం ఐదు దాకా టాక్సీ చార్జీ 20 శాతం ఎక్కువ. తోజాయ్ లైన్‌లో పొద్దున కిబా దాటేటప్పుడు పడే తోపులాట మీ ఒక్కరి బాధ కాదు. కోవిడ్‌కు ముందు కిబా, మొంజెన్ నకాచో మధ్య రద్దీ పట్టవలసినవారికి దాదాపు రెండు రెట్లు ఉండేది. ఆఫీసువాళ్లు ఒప్పుకుంటే ఏడున్నరకు ముందు బయల్దేరండి, సాయంత్రం మీ అలసట సగం తగ్గుతుంది. రైలు ఆలస్యమైతే స్టేషన్‌లో గానీ రైల్వే వెబ్‌సైట్‌లో గానీ ఆలస్యపు ధ్రువపత్రం ఇస్తారు, ఆఫీసులో చూపించవచ్చు.

ఇప్పుడు మీ అలసట గురించి. ఇది రైలు వల్ల మాత్రమే వచ్చింది కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మీరు ప్రతి బోర్డునూ, ప్రతి బటన్‌నూ, ప్రతి ప్యాకెట్‌నూ ఊహించుకుంటూ చదువుతున్నారు. మెదడుకు క్షణం తీరిక లేదు. దీనికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, జపనీస్ లిపుల్లో ఒకటైన కతకానా నేర్చుకోండి. 46 ప్రాథమిక అక్షరాలు. తెలుగులో 56 అక్షరాలు, గుణింతాలు, వత్తులు నేర్చుకున్న మనకు అది పెద్ద పనే కాదు. రైల్లో వెళ్తూ వస్తూ నేర్చుకుంటే కొద్ది వారాల్లో వచ్చేస్తుంది. జపనీస్‌లో కలిసిపోయిన ఇంగ్లిష్ మాటలన్నీ ఆ అక్షరాల్లోనే రాస్తారు. చదవగానే ‘మిరుకు’ పాలు, ‘చీజు’ చీజ్, ‘షాంపూ’ షాంపూ అని తెలిసిపోతుంది. పాఠశాల చదువు ముగించినవారికి రావలసిన కంజీలు, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, 2136. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీకు రోజూ కనబడే కొన్ని మాత్రం బొమ్మల్లా గుర్తుపెట్టుకోండి, పంది మాంసం, గొడ్డు మాంసం, గుడ్డు, తోయండి, లాగండి, ప్రవేశం, నిష్క్రమణ. మీరు శాకాహారి అన్నారు కదా, గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత వంటివాటిని ప్యాకెట్ మీద అలర్జీ పదార్థాల్లో తప్పనిసరిగా రాయాలి. పంది, గొడ్డు మాంసం, జెలటిన్ రాయమని సలహా ఉంది, చాలా కంపెనీలు రాస్తాయి. చేపల రసం, అంటే దాషి, సూప్‌లలో, సాస్‌లలో కనబడకుండా ఉంటుంది. అది ఇంట్లో వండుకుంటేనే తప్పుతుంది. నిషి కసాయ్‌లో భారతీయ కొట్లకు కొదవ లేదు, పప్పులకూ కరివేపాకుకూ లోటుండదు.

అన్నట్టు, మూడు పూటలా కొంబినీలో తింటున్నానని రాశారు. అది మానండి. ఒంటికీ మంచిది కాదు, జేబుకూ కాదు. సూపర్‌మార్కెట్ ఐదు నిమిషాలు ఎక్కువ నడక అయినా అటు వెళ్లండి. రాత్రి మూసే ముందు వండిన పదార్థాల మీద సగం ధర స్టిక్కర్లు పడతాయి. కూరగాయల దగ్గర పెద్దవాళ్లు ఏది ఏరుకుంటున్నారో చూస్తే ఏ కాలంలో ఏది బాగుంటుందో తెలుస్తుంది.

సౌకర్యం కనబడనిచోట్ల గురించి ముందే తెలిసి ఉండాలి, లేకపోతే అక్కడ దిమ్మ తిరుగుతుంది. చాలా క్లినిక్‌లు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు, వారం మధ్యలో ఒక పూటో రోజో సెలవు పెడతారు. ఆదివారం దాదాపు అన్నీ మూతే. జ్వరం వచ్చాక వెతుక్కోవడం కష్టం. ఒంట్లో బాగున్నప్పుడే ఇంటి దగ్గర ఒక క్లినిక్ చూసి, పనివేళలు రాసి పెట్టుకోండి. నేరుగా పెద్ద ఆసుపత్రికి పరిచయ పత్రం లేకుండా వెళ్తే మొదటిసారి 7,000 యెన్లు, అంతకు పైన అదనంగా వేస్తారు, అది బీమాలోకి రాదు. అంబులెన్స్‌కు 119, ఉచితమే. పిలవాలో వద్దో తేల్చుకోలేకపోతే టోక్యోలో #7119కి చేసి అడగవచ్చు. ఇల్లు మారాల్సి వస్తే గౌరవ రుసుము (ఇంటి యజమానికి ఇచ్చే, తిరిగి రాని డబ్బు), డిపాజిట్, గ్యారంటీ కంపెనీ, ఏజెంట్ ఫీజు అని నాలుగు ఐదు నెలల అద్దె ఒక్కసారే పోతుంది. యూఆర్ అనే ప్రభుత్వ గృహ సంస్థ అద్దె ఇళ్లలో గౌరవ రుసుము, ఏజెంట్ ఫీజు, హామీదారు ఏవీ అక్కర్లేదు. భార్యతో ఉండటానికి పెద్ద ఇల్లు చూసుకుంటుంటే ముందు అక్కడే అడగండి.

ఇది మాత్రం తప్పకుండా వినండి. ఇక్కడి సౌకర్యం కొన్ని గంటల్లో ఆగిపోగలదు. 2011 మార్చి 11న తోహోకు భూకంపం వచ్చిన సాయంత్రం టోక్యోలో రైళ్లన్నీ నిలిచిపోయాయి. టోక్యో, చుట్టుపక్కల ప్రాంతాలు కలిపి 51 లక్షల మందికి పైగా ఆ రాత్రి ఇల్లు చేరలేకపోయారని ప్రభుత్వ అంచనా. వంతెనల మీద మనుషులు బారులు తీరి నడిచారు, కొంబినీ అరలు ఖాళీ అయ్యాయి. ఆ అనుభవంతో 2013 ఏప్రిల్ నుంచి టోక్యోలో ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. పెద్ద భూకంపం వస్తే ఒక్కసారిగా అందరూ ఇంటికి బయల్దేరకుండా, ఆఫీసులు ఉద్యోగులకు మూడు రోజులకు సరిపడా నీళ్లు, తిండి నిల్వ పెట్టాలని అందులో ఉంది. మీ ఆఫీసులో అవి ఏ అలమరలో ఉన్నాయో రేపే అడగండి.

ఇంట్లోనూ అంతే. మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున నీళ్లు, కనీసం మూడు రోజులకు పెట్టుకోండి. టార్చ్, పవర్ బ్యాంక్, కొంత నగదు, చిన్న చిల్లరతో సహా. గట్టిగా కంపిస్తే గ్యాస్ మీటర్ తనంతట తాను మూసుకుపోతుంది. జపాన్ కొలమానంలో తీవ్రత సుమారు 5 ఉంటే అలా అవుతుంది. గ్యాస్ పోయిందని కంగారు పడొద్దు. వాసన లేదని చూసుకుని, పొయ్యి, గీజర్ అన్నీ ఆపి, మీటర్ మీద రీసెట్ బటన్ నొక్కి వదిలి, ఎర్ర దీపం మిణుకుతుంటే మూడు నిమిషాలు ఆగితే మళ్లీ వస్తుంది. మీటర్ మీ తలుపు పక్క అరలోనే ఉంటుంది, ఈరోజే ఒకసారి చూసి రండి. ఫోన్లు పనిచేయకపోతే 171 నంబర్‌లో మీ మాట రికార్డు చేసి పెట్టవచ్చు. ప్రతి నెల 1, 15 తేదీల్లో ప్రయత్నించి చూసుకునే వీలుంది. టోక్యో ప్రభుత్వం 2015లో ఇంటింటికీ పంచిన విపత్తు పుస్తకం ఇంగ్లిష్‌లో కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సాయంత్రం ఐదింటికి వీధి మైకులో రోజూ ఒక పాట వస్తోంది, అదేమిటని అడిగారు. విపత్తు వేళ ప్రకటనలు చేసే మైకులు పనిచేస్తున్నాయో లేదో చూసే పరీక్ష కూడా అదే. పిల్లలు ఇళ్లకు వెళ్లే వేళ అని చెప్పినట్టూ అవుతుంది.

ఇక ఒంటరితనం. 2020 జనాభా లెక్కల్లో టోక్యో కుటుంబాల్లో సగానికి పైగా ఒక్కరే ఉండే ఇళ్లని తేలింది. జపాన్ ప్రభుత్వం 2021లో ఒంటరితనం సమస్యను చూసే బాధ్యత ఒక మంత్రికి అప్పగించింది, 2024 ఏప్రిల్‌లో దాని కోసం ఒక చట్టమే అమల్లోకి వచ్చింది. ఈ దేశంవాళ్లకే తప్పని కష్టం ఇది. టిక్కెట్ మిషన్‌లో నొక్కి నూడుల్స్ తింటారు, సొంతంగా స్కాన్ చేసి బిల్లు కడతారు, గుమ్మంలో పెట్టిన పెట్టె తీసుకుంటారు. రోజంతా ఎవరి అవసరమూ పడదు. అవసరం పడనప్పుడు పరిచయాలు వాటంతట అవి పుట్టవు. మనవైపు పక్కింటి అత్తయ్య పెరుగు తోడు కోసం వస్తే మొదలయ్యే స్నేహాలు ఇక్కడ మొదలయ్యే దారి లేదు.

కాబట్టి కావాలని కొంచెం అసౌకర్యాన్ని ఎంచుకోండి. సొంతంగా స్కాన్ చేసే మిషన్ ఖాళీగా ఉన్నా మనిషి ఉన్న కౌంటర్‌కు వెళ్లండి. ఒకే కొట్టుకు, ఒకే వేళకు వెళ్లండి, కొన్నాళ్లకు వాళ్లే తలూపుతారు. వార్డుల్లో వాలంటీర్లు నడిపే జపనీస్ తరగతులు ఉన్నాయి. ఫీజు నామమాత్రం, కొన్నిచోట్ల అసలు ఉండదు. నేర్పేవారు ఎక్కువగా రిటైరైన పెద్దలు. భాష ఎంత వచ్చిందన్నది పక్కన పెట్టండి, వారానికి ఒకసారి మీ కోసం ఎదురు చూసే ఒక మనిషి దొరుకుతారు. ఇక్కడ స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి మొదటి జపనీస్ స్నేహం అక్కడే కలిసింది. మీ వీధి సంఘం, చోనాయ్‌కాయ్, ఏడాదికి ఒకటి రెండుసార్లు విపత్తు శిక్షణ పెడుతుంది. నోటీసు బోర్డు మీద అంటిస్తారు, ఫోన్ కెమెరాతో చదివి వెళ్లండి. విదేశీయుడు వస్తే ఎంత ఆదరంగా చూస్తారో మీరే చూస్తారు. నిషి కసాయ్‌లో మనవాళ్ల వాట్సాప్ గ్రూపులు, దీపావళి వేడుకలు ఉన్నాయి, వాటికీ వెళ్లండి. కానీ అక్కడితోనే ఆగిపోకండి. అలా ఆగిపోయినవాళ్లు ఎన్నేళ్లు గడిచినా క్లినిక్‌కు ఒంటరిగా వెళ్లలేక ఇబ్బంది పడుతుంటారు.

మీ భార్య రాక గురించి చివర్లో రాస్తున్నాను గానీ నా మనసులో అదే ముందుంది. మీకు ఆఫీసు ఉంది, తిడుతూనో పొగుడుతూనో నలుగురు మాట్లాడతారు. ఆవిడకు అదీ ఉండదు. భర్తలు ప్రేమతో అన్నీ తామే చేసిపెడతారు, ఆర్డర్లన్నీ భర్త ఫోన్ నుంచి, బిల్లులన్నీ భర్త కార్డు నుంచి. ఆవిడ నాలుగు గోడల మధ్య అన్నీ ఉండి ఏమీ చేయలేని స్థితిలో పడిపోతారు. నేను చూసిన బాధల్లో ఇది పెద్దది, దయచేసి అలా జరగనివ్వకండి. వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ పేరు మీద ఫోన్ నంబర్, సూయికా తీసుకోండి. ఇంటికి చేరాక 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయాలి. మీ వివాహ ధ్రువపత్రం, దానికి జపనీస్ అనువాదం అడుగుతారు, ముందే సిద్ధం చేయండి. ఆవిడను మీ ఆరోగ్య బీమాలో ఆధారితురాలిగా చేర్చమని కంపెనీకి అప్పుడే చెప్పండి, అదనపు ప్రీమియం ఉండదు. బ్యాంకు ఖాతా దగ్గర ఆరు నెలలు ఆగమనే బ్యాంకులు ఉన్నాయి. ఒకచోట కాదన్నారని వదిలేయకుండా మరోచోట అడగండి. జపనీస్ తరగతిలో ఇప్పుడే ఇద్దరి పేర్లూ ఇవ్వండి.

ఆవిడ కుటుంబ వీసా మీద వస్తారు కాబట్టి ఊరికే ఉద్యోగం చేయకూడదు. అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల దాకా చేయవచ్చు. దాని పేరు ‘షికకుగాయ్ కత్సుదో క్యోకా’. ఫీజు లేదు. ఉద్యోగం చూసుకున్నాక కాకుండా వచ్చిన వెంటనే దరఖాస్తు పెట్టండి, అనుమతికి కొన్ని వారాలు పట్టవచ్చు. షినగావా స్టేషన్ కోనాన్ వైపు నుంచి ఇమిగ్రేషన్ ఆఫీసుకు బస్సు ఉంది. ఆఫీసు తెరవకముందే వెళ్తే మధ్యాహ్నానికి బయటపడవచ్చు. వీసా మీద గానీ పని మీద గానీ అనుమానాలుంటే యోత్సుయాలో ఫ్రెస్క్ అనే కేంద్రం ఉంది, విదేశీయుల కోసం 2020లో తెరిచారు, సలహాకు డబ్బు తీసుకోరు. ఆ రెండు చోట్లకూ ఆవిడతో కలిసి వెళ్లండి. కాగితాల మీద సంతకాలు, కౌంటర్‌లో మాటలు మాత్రం ఆవిడనే చేయనివ్వండి.